కాశీలో వదిలిన చేప

చక్కెర జబ్బును మా ఇంట్లో మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, చీమలు. పెరట్లో మామగారు ఒంటికి పోయే గోడ వారన నల్లచీమలు బారులు తీరడం చూశాకే ఆయన్ని నెల్లూరు తీసుకుపోయి చూపించారు. ఆయన పోయిన తర్వాత ఆ గోడకు సున్నం కొట్టించాం, చీమలూ పోయాయి. ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం, ఎండ నడినెత్తి మీద ఉండగా బట్టలు ఆరేయడానికి వెళ్ళి చూస్తే, అదే గోడ వారన, అదే చోట మళ్ళీ చీమలు. తడి చీర చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఇంట్లో ఇంకెవరికీ ఆ జబ్బు లేదు. ఆ చోటికి పోయేది ఒక్క కుక్కే.

కుక్క సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నయాపైసలు వచ్చి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. నెల్లూరు జిల్లాలో కోట ఊరికి తూర్పున, సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊరు మాది. వ్యవసాయపు ఇల్లు. ఎనిమిదో తరగతి దాకా చదివానని మామగారి పథ్యం నాకు అప్పగించారు. నెల్లూరు ఆసుపత్రి కాంపౌండరు ఒక గాజు గొట్టం, స్పిరిట్ దీపం, నీలం మందు సీసా ఇచ్చి నేర్పించాడు. మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉన్నట్టు, పసుపైతే ఎక్కువ. ఇటుకరాయి రంగు వచ్చిందంటే ప్రమాదం. ఆ గొట్టం చేతికి రావడంతో నాకు కాస్త గర్వం తలకెక్కింది కూడా. మొలగొలుకుల బియ్యం అన్నం తప్ప ఎరగని మనిషికి పూటకు రెండు పిడికిళ్ళు కొలిచి పెట్టాను. బెల్లం డబ్బా తాళంచెవి నా కొంగున ఉండేది. అంత పెద్దమనిషి వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మాయ్, గోరంత బెల్లం ముక్క పెట్టమ్మా, నోరంతా చేదుగా ఉండాది" అని అడిగితే, "లేదు మామా" అని చెప్పి నా పని నేను చేసుకునేదాన్ని. పోయే ముందు రోజు కూడా అడిగారు. ఆ రోజు కూడా లేదన్నాను.

ఆయన పోయిన పదో రోజు వాగు ఒడ్డున, సరుగుడు తోపు దగ్గర పిట్టకు పెట్టారు. పిట్ట దిగి ముద్ద ముట్టేదాకా అక్కడి నుంచి ఎవరూ కదలరు. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి "నీ భార్యను బాగా చూసుకుంటాం", "గట్టు తగువు మళ్ళీ పెట్టుకోం" అని మాట ఇస్తారు. ఆ రోజు అందరూ మాటలిచ్చారు. కాకులు కొమ్మల మీద కూర్చుని చూస్తున్నాయే గాని ఒక్కటీ దిగలేదు. నేను ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. ఏ మాట మిగిలిందో నాకు తెలుసు. నోరు పెగల్లేదు.

అంతలో జాలరి పాలెం వైపు నుంచి ఒక గోధుమరంగు కుక్క ఇసుకలో నడిచి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు, పరుగూ తీయలేదు. నేరుగా ముద్ద దగ్గరకు వచ్చి మొత్తం తినేసింది. మగవాళ్ళు రాళ్ళు అందుకుంటే అత్తగారు అడ్డం పడ్డారు. "కొట్టబాకండి. ఆకలేసి వచ్చినాడు" అన్నారు. వచ్చింది అనలేదు.

అది మా వెంటే ఇంటికి వచ్చి, ఎవరూ చూపించకుండానే మామగారి పడకకుర్చీ కింద పడుకుంది. మా ఆయనకు నవ్వొచ్చింది. "మా నాయనే అయితే ముందు నిన్ను కరవాల గదా" అని నన్ను ఆట పట్టించాడు. అది కరవలేదు. కరిచినా బాగుండేది. భోజనాల వేళకు వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడేది. మొరగదు, తోక ఆడించదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడేది.

అత్తగారు బెల్లం డబ్బా తాళంచెవి నా దగ్గర తీసేసుకున్నారు. పాలన్నంలో బెల్లం, చక్కెరకేళి పండ్లు, తాటి తాండ్ర, నాలుగేళ్ళు ఆయనకు నేను పెట్టనివ్వనివన్నీ దానికి పెట్టారు. మాకంటే ముందు దానికే వడ్డన. నిజం చెప్పాలంటే, అది తింటుంటే నా గుండె బరువు కాస్త దిగినట్టుండేది.

ఇంకొకటి ఉంది. మామగారు కాశీకి పోయినప్పుడు చేపలు వదిలేసి వచ్చారు. కాశీలో మనకు ఇష్టమైనదేదో ఒకటి వదలాలి, మళ్ళీ జన్మలో ముట్టకూడదు. సముద్రం పక్కన పుట్టిన మనిషి చేపలు వదలడం మాటలు కాదు. ఆయన వదిలారు, మళ్ళీ ముట్టలేదు. ఈ కుక్క చూస్తే జాలరి పాలెంలో, వలల మధ్య పుట్టిన కుక్క. దానికి చేప ముక్క వేస్తే వాసన చూసి తల తిప్పేసుకునేది. మొదటిసారి అది చూసిన రోజు అత్తగారు కూర్చుని ఏడ్చారు. మా ఆయన నవ్వడం మానేశాడు. ఇవన్నీ నమ్మే మనిషిని కాదు నేను, ఆ మాట అందరితోనూ అనేదాన్ని. అయినా ఆ తర్వాత పడకకుర్చీ ముందు నుంచి నడిచేటప్పుడు కొంగు భుజం మీదకు లాక్కునేదాన్ని.

మళ్ళీ చీమలు కనిపించేనాటికి అది తొట్టి తొట్టి నీళ్ళు తాగుతోంది. ఎంత తిన్నా డొక్కలు లోపలికి పోతున్నాయి. మామగారికీ సరిగ్గా ఇట్లాగే మొదలైంది. కొబ్బరి చిప్పకు పొడుగాటి కర్ర కట్టి, కుక్క వెనకాలే పెరడంతా తిరిగి చివరికి ఎనిమిది చుక్కలు పట్టాను. ఎవరైనా చూస్తే నవ్వుకునే పనే. బీరువా పైన మిగిలిన నీలం మందు దించి కాచాను. క్షణం పాటు నీలంగా ఉండి, ఒక్కసారిగా ఇటుకరాయి రంగుకు తిరిగింది. కుక్క నా పక్కనే కూర్చుని గొట్టం వైపు చూస్తోంది. ఆయన కూడా అట్లాగే కూర్చునేవారు, ఏ రంగు వస్తుందోనని.

కోట నుంచి పశువుల డాక్టరు మా ఎద్దును చూడటానికి వచ్చినప్పుడు చెప్పాను. "కుక్కలకూ వస్తుందమ్మా. ఇన్సులిన్ సూదులు మనుషులకే దొరకటం లేదు, దీనికెక్కడ తెచ్చేది? ఇంకా ముదిరినట్టు లేదు, తిండి మార్చండి. బెల్లం, వరి అన్నం ఆపేయండి. రాగి సంగటి కొంచెం, ఆకుకూర, చేప ఎక్కువ. చేప అసలు మానవద్దు. ఇప్పుడు పెట్టేదే పెడితే వానలు పడేదాకా ఉండదు" అన్నాడు.

ఆ మాట అత్తగారికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ కుక్క పోతే ఆమెకు భర్త రెండోసారి పోయినట్టే. పథ్యం పెడితే నేను రెండోసారి ఆయన నోరు కట్టేసినట్టే. ఏది చేసినా దోషిగా నేనే కనిపిస్తాను. చెప్పాను. ఆమె "ఆయనకి చేసింది చాల్లేదా నీకు?" అన్నారు. నాకూ కోపం వచ్చింది. "చేయకపోతే ఆరు నెలల ముందే పోయుండేవాడు అత్తా" అన్నాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "సరే, మార్చు. చేప మాత్రం పెట్టబాక, కాశీలో వదిలింది. ఇంకోటి, నువ్వే ఆయన్ని అడిగి పెట్టాల" అన్నారు.

మూడు రోజులు కుక్క సంగటి ముద్ద ముట్టలేదు. అన్నం కొంచెం కలిపి చూశాను, మునగాకు ఉడకబెట్టిన నీళ్ళు పోసి చూశాను. పాలు చిలకరిస్తే పాలు మాత్రం నాకి వదిలేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరూ దగ్గర లేకుండా చూసుకుని, ముద్ద ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను. సిగ్గుతో ముఖం మండిపోయింది. "మామా, మీ మంచికే పెడతన్నాను. అప్పుడూ మీ మంచికే. తినండి" అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. తల దించి ముద్ద చివరిదాకా తిన్నది.

వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. భయమే వేసింది, కానీ ఆ భయంలో సంతోషం కూడా ఉంది. అది దాచలేను. వాగు ఒడ్డున నోరు దాకా వచ్చి ఆగిపోయిన మాట ఇప్పుడు చెప్పుకోవడానికి మనిషి దొరికినట్టయింది. ఆ రోజు నుంచి ప్రతి పూటా అడిగే పెట్టాను. అడిగితే తినేది. అడగకుండా పెట్టిన రోజు ముట్టేది కాదు. కావాలనే రెండుసార్లు పరీక్షించాను, రెండుసార్లూ అంతే.

గొట్టంలో రంగు ఇటుక నుంచి పసుపుకు దిగి అక్కడే ఆగిపోయింది. కుక్క మాత్రం చిక్కిపోతూనే ఉంది. సంగటి, ఆకు దానికి సరిపోవడం లేదు. నడుస్తుంటే వెనక కాళ్ళు తడబడుతున్నాయి. డాక్టరు చేప మానవద్దన్నాడు. అత్తగారు చేప వద్దన్నారు. ఆకాశంలో మబ్బులు పడుతున్నాయి.

ఒకరోజు పాలెం నుంచి వచ్చిన ఆమె దగ్గర కానాగంత చేపలు తీసుకుని, పెరట్లో వేరే పొయ్యి మీద ఉడకబెట్టి, ముళ్ళు తీసి సంగటిలో పిసికాను. మిట్టమధ్యాహ్నం. కాకులు కూడా నోరు మూసుకున్న వేళ. ముద్ద ముందు పెట్టాను. కుక్క వాసన చూసి తల తిప్పుకుని నా వైపు చూసింది. ఆ చూపు చూడలేకపోయాను. వంగి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"మామా, తప్పు నాదే. పోయే ముందు రోజైనా ఆ బెల్లం ముక్క పెట్టి ఉండాల్సింది. ఆ మాట చెప్పుకున్నా, చాలు. మీరైతే ఇది తినబాకండి, కాశీలో వదిలినారు. కుక్కవైతే తిను. తినకపోతే చస్తావు."

అది లేచింది. పడకకుర్చీ దాకా వెళ్ళి దాని కింద ఒకసారి వాసన చూసింది. అక్కడ చాలాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత ఒళ్ళు విదిలించుకుని, గబగబా వచ్చి, ముద్దలో మూతి పెట్టి కుక్క తిన్నట్టు తిన్నది. చప్పుడు చేస్తూ, కింద పడిన ముక్కలు కూడా ఏరుకుని, తోక ఆడిస్తూ. దాని తోక ఆడటం మా ఇంట్లో చూడటం అదే మొదలు.

తల ఎత్తితే ద్వారబంధం దగ్గర అత్తగారు. ఎప్పటి నుంచి ఉన్నారో, ఎంత విన్నారో తెలియదు. నన్ను తిట్టలేదు. "పోయినాడా?" అని మాత్రం అడిగారు. ఆమె బావి దగ్గరకు వెళ్ళి, చావు కబురు విన్నవాళ్ళు పోసుకున్నట్టు, కట్టుబట్టలతోనే నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకున్నారు. ఒక చేద, రెండు చేదలు, మూడు. నేను పక్కన నిలబడి చూశాను. ఆపడానికి నాకు చేతులు రాలేదు.

వానలు పడ్డాయి. కుక్క బతికింది. చేప కోసం పాలెం దాకా పరుగెత్తేది, పీతల్ని తరిమేది, వచ్చేపోయే వాళ్ళందరి మీదా మొరిగేది. పడకకుర్చీ కింద మళ్ళీ పడుకోలేదు. అత్తగారు దానికి మళ్ళీ చేత్తో ఒక్క ముద్ద పెట్టలేదు. ఇంకో రెండేళ్ళు నేనే పెట్టాను. ఇంట్లో ఎవరూ లేని పూట, ముద్ద పెట్టి కాసేపు అట్లాగే నిలబడి "మామా" అని పిలిచేదాన్ని. అది తల ఎత్తేది కాదు.