ఖాళీ గడి ఓర్వని బావమరిది

మా బావమరిదికి ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఆగదు. పత్రికలో గళ్లనుడికట్టు కంటబడగానే కలం తీసి అన్నీ నింపేస్తాడు. ఆధారాలు చదవడని అనలేను. చదువుతాడు, లెక్కచెయ్యడు. అక్షరాల సంఖ్య సరిపోతే వాడికి చాలు.

వాడు దర్జీ. నాకు తుంటి ఆపరేషనైన నెలలోనే తన కుట్టుమిషను తెచ్చి మా ముందుగదిలో పెట్టాడు. తెల్లవారగానే వచ్చే పత్రిక ముందు వాడి చేతిలోనే పడేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. పల్లెటూరి బడిలో ఏడో తరగతితో ఆపినవాణ్ని. అయినా అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దాను. ఎమ్మేలు చదివినవాళ్ల పుస్తకాల్లో తప్పులు పట్టాను. పత్రికవారు వేసే 'అన్నీ సరిగ్గా పూరించినవారు' జాబితాలో నా పేరు నూట పన్నెండుసార్లు అచ్చయింది. కత్తిరించి పంపే ఆ గళ్లలో ఒక్క కొట్టివేత ఉన్నా చెల్లదు. అంచేత నాకు శుభ్రమైన ప్రతి కావాలి.

డాక్టరు మాత్రం "రోజూ నడిస్తే కాలు దక్కుతుంది, లేకపోతే మంచమే" అన్నాడు. నూట పన్నెండుసార్లు పేరు పడ్డ మనిషి నాలుగు కాళ్ల ఇనుపచట్రం పట్టుకుని వీధిలో దేకడమా? నేను గుమ్మం దాటలేదు. మా ఆవిడ బతిమాలింది, తిట్టింది, చివరికి మాట్లాడటమే మానేసింది.

ముందుగదిలో మిషను పడిన మర్నాడు పత్రిక తెరిచి చూద్దును కదా, 'రాత్రంతా తిరిగేవాడు, మూడు అక్షరాలు' అన్నచోట సిరాతో 'దొంగోడు' అని ఉంది.

"ఒరేయ్, చంద్రుడురా అది."

"దొంగోడు తిరగడా బావా?"

"నిలువు మాట కుదరదు కదరా."

"కుదిరేలా దాన్నీ మార్చేశాగా."

ఆ మర్నాడు 'ముళ్లున్న సుందరి'. గులాబి రావాలి. వాడు 'మా అక్క' అని రాశాడు. కోపగించుకోవాలో మురిసిపోవాలో తేలక, మా ఆవిడ ఆ పూట తమ్ముడికి టీ అయితే ఇచ్చింది, పంచదార మాత్రం వెయ్యలేదు.

పేపరు కుర్రాడికి చెప్పి రోజూ రెండు ప్రతులు వేయించుకున్నాను. రెంటిలోనూ నింపాడు, ఒకదానికొకటి పొంతన లేకుండా. ఇంకోటి కొని తెమ్మంటే మా ఆవిడకి మోకాళ్ల నొప్పి, వాడికి చేతినిండా కుట్టు. నూట పదమూడోసారి నా పేరు రావాలంటే నేనే కదలాలి. వాణ్ని తిట్టుకుంటూ మూలకొట్టు దాకా కదిలాను.

నెల తిరక్కముందే మూలకొట్టాయన "అయిపోయింది పెద్దాయనా" అనడం మొదలుపెట్టాడు. అక్కణ్నించి మార్కెట్ దాకా వెళ్లాల్సి వచ్చేది. ఒక సంగతి ఒప్పుకోవాలి. కుర్చీలో గంటసేపు బుర్ర గోక్కున్నా రాని మాట, నడుస్తుంటే ఏ దీపస్తంభం దగ్గరో తనంతట తనే వచ్చి పలకరించేది. ఆ క్షణంలో ఎవరికైనా చెప్పకపోతే ప్రాణం నిలిచేది కాదు. దారినపోయే ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా చెప్పాను. ఇనుపచట్రం పోయి చేతికర్ర వచ్చింది. వాణ్ని తిట్టే ధ్యాసలో ఒకరోజు చేతికర్ర కూడా ఇంట్లో మరిచిపోయాను.

ఒకనాడు మూలకొట్టాయన లేడు, ఆయన భార్య కూర్చుంది. వెనకాల పత్రికల కట్ట కనిపిస్తూనే ఉంది.

"ఒకటివ్వమ్మా."

"మీకివ్వకూడదండీ. మీరు అడిగితే అయిపోయిందనాలని మీ బావమరిదిగారు మా ఆయనకి చెప్పి వెళ్లారు. మీరు మార్కెట్ దాకా నడవాలిట. అయ్యో, ఇది మీతో అనొద్దన్నారు కూడా."

"నువ్వేం అనలేదులేమ్మా" అని ముందుకు నడిచాను.

ఆ వేళ దారిలో ఒక్క మాటా తట్టలేదు. కామా పడాల్సినచోట చుక్క పడితే పట్టుకునే కళ్లు నావి. రోజూ ఎదురుగా కూర్చుని మిషను తొక్కేవాడి ఎత్తు మూడునెలలపాటు పట్టలేకపోయాయి.

ఇంటికొచ్చేసరికి వాడు ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతున్నాడు.

"ఎక్కడ దొరికింది బావా?" అన్నాడు తలెత్తకుండా.

"మార్కెట్లో."

"రేపు అక్కడైనా దొరుకుతుందో లేదో. స్టేషన్ దాకా వెళ్లాలేమో."

"అయితే మార్కెట్లో కూడా చెప్పి వచ్చావా?" అన్నాను.

మిషను ఆగింది. వాడు నా మొహంలోకి చూశాడు, తర్వాత నా కాళ్లవంక చూశాడు.

"ఇంకా లేదు బావా. ఈ జాకెట్టు అయ్యాక వెళ్దామనుకుంటున్నా."