సున్నపు చుక్కల కుండలు

ఓబుళవ్వ పోయిందన్న మాట నాకు మొదట చెప్పింది పాలు పోసే రామాంజి. పొద్దున దీపం పెట్టి బయటికి వచ్చేసరికి వాకిట్లో క్యాను దించి నిలబడి ఉన్నాడు. "అక్కా, మా ఊర్లో కూతురింట్లో ఉండాది కదా ఓబుళవ్వ, తెల్లారుజామున పోయినాది" అన్నాడు. పాలు పోయించుకోవడం మరిచిపోయి గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. దినాలు అయిపోయిన తర్వాత అతనే ఒక చిన్న కుండ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఆయమ్మ కూతురు నీకియ్యమనింది. లోపల ఏముండాదో ఎవురికీ తెలీదంట" అన్నాడు. కుండ మూతికి మెత్తిన పేడమట్టి ఎండి రాయిలాగా బిగిసిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పిడకల బూడిద వాసన, దానివెనక సన్నగా ఎండు వేపాకు వాసన. కుండంతా దుమ్ము పట్టి ఉన్నా తుడవడానికి నాకు చేయి రాలేదు. ఎందుకో చెప్పాలంటే నా పదేళ్ళ వయసుకు పోవాలి.

మాది నల్లమాడ దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడే నా ఎడమకాలు చచ్చుబడింది. బడి వంక నీళ్ళు దాటి అవతల ఉండేది, నేను పోలేకపోయాను. మా నాయన సాయంత్రాలు గోడమీద బొగ్గుతో అక్షరాలు రాసి నాకు చదువు చెప్పేవాడు. పగలంతా నాకు తోడు పక్కింటి ఓబుళవ్వే. ఆమె మాకు చుట్టం కాదు. మొగుడు పోయినాక రెండెకరాల మెట్ట ఒక్కతే సేద్యం చేసుకునేది. ఊరంతా చెనిక్కాయ, అదే వేరుశనగ, వేస్తుంటే ఆమె మాత్రం కొర్ర వేసి, సాళ్ళ మధ్య అలసందలు, అనుములు వేసేది. దారిన పోయేవాళ్ళు ఊరుకునేవాళ్ళు కారు.

"ఏమవ్వా, పిచ్చుకలకు మేత ఏస్తాండావా?"

"పిచ్చుకలు తిని మిగిల్చింది నేను తింటా. నీ చెనిక్కాయ అంగడోడు ఎత్తుకపోయినాక నీకేం మిగుల్తాదప్పా?"

ఆమె ఇంట్లో ఏ నీళ్ళూ ఒక్క పనికే పోయేవి కావు. బియ్యం కడిగిన నీళ్ళు మేకకు, స్నానం నీళ్ళు సొరపాదుకు. గిన్నెలు బూడిదతోనే తోమేది, ఆ నీళ్ళు వంకాయ చెట్లకు పోయాలని. ఒకసారి నేను మా ఇంట్లో సబ్బుపొడి నీళ్ళు తెచ్చి సొరపాదులో పోయబోతే చెంబు పట్టుకుని ఆపింది. "నువ్వు తాగుతావా అవి? తాగవు కదా. మరి దానికెందుకు పోస్తావు?" అని అడిగింది. నీళ్ళకు నాలుగు జన్మలుంటాయనీ, మనకు మాత్రం ఒకటేననీ అంటుండేది. ఆ మాట నేను ఇప్పటికీ గిన్నెలు తోమేటప్పుడు తలచుకుంటాను.

పంట చేతికొచ్చాక విత్తనాల పని ఉండేది. కాళ్ళు చాపుకుని కూర్చొని చేసే పని కాబట్టి దానికి నన్ను పిలిచేది. గింజలు మూడు నాలుగు ఎండలు ఎండాలి. "కొరికి చూడు పాపా. టక్కుమనాల. పన్ను దిగిందంటే ఇంగా పచ్చుండాదని" అనేది. పిడకల బూడిద పాత పైటగుడ్డలో జల్లించి, గింజలెంతో బూడిదంత కలిపి కుండలో పోసేవాళ్ళం. పైన గుప్పెడు ఎండు వేపాకు, దానిమీద పెంకు, చుట్టూ పేడా ఎర్రమట్టీ. ఒకసారి మూస్తే మళ్ళీ తొలకరికి నేల తడిసి విత్తే పదునైనప్పుడే తెరవాలి. గాలి తగిలితే పప్పుగింజ పుచ్చిపోతుంది. ఏ కుండలో ఏముందో తెలియడానికి సున్నంతో చుక్కలు పెట్టేది. ఒక చుక్క ఉంటే అలసందలు, రెండుంటే అనుములు. చుక్కల కింద గీత కూడా ఉంటే అది దాపుకుండ. ఈ ఏడు వాన మోసం చేస్తే వచ్చే ఏటికని దాచింది, ముట్టుకోకూడదు. ఆ అనుములు ఆమె పెళ్ళినాడు వాళ్ళమ్మ ఒడిలో పోసి పంపిన విత్తనమట. ఊర్లో మరెవరి దగ్గరా లేదు.

అక్షరాలు వచ్చిన కొత్తలో నాకు గోడ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి రాయబుద్ధయ్యేది. ఒకరోజు అవ్వ చేనికి పోయినప్పుడు, ఆమెకు మేలు చేద్దామని తడిగుడ్డతో కుండలమీది చుక్కలన్నీ తుడిచేశాను. తుడిచి, ఒక్కోదానిమీద బొగ్గుతో పేరులోని మొదటి అక్షరం అందంగా రాశాను. అలసందలకు అ. అనుములకూ అ. దాపుకుండల గీతలు నాకు గుర్తే రాలేదు. సాయంత్రం అవ్వ వచ్చి చూసి, "ఏం రాసినావే?" అంది. "పేర్లవ్వా" అన్నాను గర్వంగా. ఆమె చుక్కలు లేని కుండలను ఒక్కొక్కటే తడిమి, పొయ్యి దగ్గరికి పోయింది.

తొలకరికి మంచి పదునైంది. రెండురోజుల్లో విత్తాలి. అవ్వ నన్ను ఎత్తుకుని కుండల ముందు కూర్చోబెట్టి, "అనుములు యాడుండాయో చదివి చెప్పు" అంది. నాలుగు కుండలు, నాలుగింటిమీదా అ. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"నువ్వు రాసింది నీకే తెలీకపాయె కదే" అని నవ్వింది కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. నాలుగు మూతులూ పగలగొట్టింది. అనుములు రెండింట్లో ఉన్నాయి. ఒక కుండ విత్తి, రెండోది మళ్ళీ మూసిపెట్టింది. కానీ అప్పటికే వానగాలి తగిలింది. ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. మొలిచినవన్నీ మాడిపోయాయి. మరుసటి తొలకరికి దాపుకుండ తెరిస్తే ప్రతి గింజకూ చిల్లు. వేళ్ళతో నొక్కితే పిండి రాలింది. వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనం ఆ పూటతో అయిపోయిందనుకున్నాం. నేను రెండురోజులు అన్నం తినలేదు. దేవుడి ముందు కూర్చొని, నా రెండో కాలైనా తీసుకో, అవ్వ గింజలు ఇప్పించు అని మొక్కుకున్నాను.

అవ్వ సద్ది కట్టుకుని ఊళ్ళమీద పడింది. మూడోనాడు చెప్పుల్లేని కాళ్ళు బొబ్బలెక్కి తిరిగొచ్చింది. ఒడిలో దోసెడు అనుములు ఉన్నాయి. ఎప్పుడో చాలా ఏండ్ల కిందట వేరే ఊరికి పురుడు పోయడానికి పోయినప్పుడు, అడిగితే ఒక ఇల్లాలికి గుప్పెడు ఇచ్చిందట. ఆ ఇల్లాలు ఏటా విత్తి దాచుకుంటూ వచ్చింది.

"నేను దాపెట్టుకున్నవి పుచ్చిపోయినాయి. ఒకరికిచ్చినవే నిలబడినాయి పాపా" అంది గుమ్మంలో కూలబడుతూ. నేను ఆమె పాదాలమీద పడి ఏడ్చాను. ఆమె నా తలమీద చెయ్యి పెట్టి, "ఏడుపెందుకు? నీ అక్షరాల తప్పేం లేదు. నాకు రావు, అదే తప్పు. నాకూ ఒకటి నేర్పు" అంది.

"ఏ అక్షరం అవ్వా?"

"నీ పేరుకు ముందర వచ్చేది."

నా పేరు సరోజ. బండమీద సున్నంతో స రాసిచ్చాను. అవ్వ నాలుగుసార్లు దిద్ది, "ఇదేందే, పాము సుట్ట సుట్టుకున్నట్లుండాది. నా చుక్కలే నాకు మేలు" అని నవ్వి లేచిపోయింది. ఆ పాఠం అంతటితో అయిపోయిందని నేననుకున్నాను. తర్వాత పెళ్ళయి, అవ్వ ఇచ్చిన అనుముల కుండతో ఈ ఊరికి వచ్చాను. అవ్వకు వయసు మీదపడి కూతురింటికి చేరింది. నేను చూడ్డానికి పోయినప్పుడల్లా ఒకటే మాట అడిగేది: "గింజలు ఎవురికన్నా ఇస్తాండావా?" ఇస్తున్నానని చెప్పేదాన్ని. కొన్నేళ్ళుగా అది అబద్ధం. ఒక ఏడు నా అశ్రద్ధ వల్ల నా కుండ కూడా పుచ్చిపోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం చాలలేదు.

రామాంజి తెచ్చిన కుండను దేవుడి గూటి కింద పెట్టాను. ఈమధ్య మంచి వాన పడింది. కుండను ఎండలోకి తెచ్చి తిప్పి చూశాను. అవతలి పక్క దుమ్ముకింద తెల్లగా ఏదో కనబడితే తుడవకుండా మెల్లగా ఊదాను. రెండు చుక్కలు. వాటి పక్కన వణికే చేత్తో పెట్టిన వంకర టింకర స. గీత లేదు. దాపుకుండ కాదన్నమాట.

మూతి తెరిచి ఐదు గింజలు తడిగుడ్డలో కట్టాను. మూడోనాటికి నాలుగు మొలకెత్తాయి. కొన్ని మా పెరట్లో విత్తి, మిగిలినవి గుప్పెడు గుప్పెడుగా పొట్లాలు కట్టాను. మొదటిది రామాంజికే ఇచ్చాను. "బూడిద ఎంత కలపాలక్కా?" అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పాను.

ఇది చదివిన మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒక గుప్పెడు విత్తనం ఎవరి చేతిలోనైనా పోస్తే, ఆ ఒక్క క్షణం ఓబుళవ్వను తలచుకోండి. ఆమెకు ఒక్క అక్షరమే వచ్చు. అది నా పేరులోది.