ఐసు ముట్టని చేప కోసం అల్ రువైస్ దాకా

ఖతార్ ఉత్తరపు కొసన ఉన్న అల్ రువైస్‌కు మేము వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, చేప కోసం. దోహాలో చేపలు దొరకవా అంటే బోలెడు దొరుకుతాయి. కాకపోతే అన్నీ ఐసు పెట్టెల్లోంచి వచ్చేవే. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా విల్లాలోనే పక్క వాటాలో ఉండే పద్మకు అప్పుడు నాలుగో నెల. నరసాపురం పిల్ల. వేవిళ్ళు మొదలైన దగ్గర్నుంచి మంచినీళ్ళు తప్ప ఏదీ కడుపులో నిలవడం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. శనివారం బరువు చూస్తాను, ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టాల్సిందే అని డాక్టరమ్మ చెప్పేసింది. ఈ పిల్లది మాత్రం ఒకటే మాట.

"ఐసు తగలని చేప పులుసైతే తింటాను వదినా. ఐసు చేపంటే వాసనకే తిప్పేస్తోంది."

వాళ్ళాయనకు మెసయీద్‌లో శుక్రవారం కూడా డ్యూటీ పడింది. అందుకని మా వారూ నేనూ ఆమెను తీసుకుని బయల్దేరాం. చిక్కల్లా ఒక్కటే. మాకు సెలవు దొరికేది శుక్రవారం. నాకు శుక్రవారం అమ్మవారి పూజ, ఆ రోజు చేప ముట్టుకోను. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. పెద్ద ప్లాస్టిక్ బకెట్ నిండా సముద్రపు నీళ్ళు పోసి, బతికున్న చేపల్నే ఇంటికి తెచ్చేద్దాం. శనివారం తెల్లవారుతూనే వండి పెట్టి, అప్పుడు డాక్టరు దగ్గరకు పంపిద్దాం.

"అప్పటిదాకా కాస్త ఓపిక పట్టండని చేపలకు నువ్వే చెప్పుకో" అన్నారు మా వారు, బకెట్‌ను డిక్కీలో పెడుతూ.

దీపం పెట్టుకుని ఆరున్నరకు కారెక్కాను. జనవరి చలి. మా వారు మంకీ క్యాప్ పెట్టుకున్నారు, పద్మ నా శాలువా కప్పుకుంది. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా బూడిదరంగు నేల, అక్కడక్కడ ముళ్ళపొదలు, ఒకచోట ఒంటెలు. అల్ ఖోర్‌లో ఒక మలయాళీ కొట్టు ముందు ఆగి పాలటీ తాగాం. పద్మ కప్పు మూతిదాకా తెచ్చుకుని మళ్ళీ నా చేతిలో పెట్టేసింది.

ఎనిమిదిన్నరకు అల్ రువైస్ రేవులో దిగాం. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. పనివాళ్ళు ఎండకు కూర్చుని గడ్డాలు గీసుకుంటున్నారు. అమ్మకానికి ఉన్నది నిన్నటి చేప, అదీ ఐసులో. ఎవరో పెట్టె మూత తీసేసరికి పద్మ కారు వెనక్కి పరుగెత్తింది. నేను వీపు నిమురుతూ ఏదో అంటుంటే పికప్ బండిలోంచి ఒకాయన తల బయటకు పెట్టాడు.

"మనోళ్ళేనా అమ్మా? ఏడికెళ్ళి వచ్చిన్రు?"

ఆయన పేరు రాజయ్య, జగిత్యాల వైపు ఊరు. ఇక్కడ ఒక అరబ్బు ఇంట్లో మేకల్ని చూసుకుంటాడు. సంగతి చెప్పాం.

"ఇయ్యాల జుమ్మా గదా సారూ, నమాజ్ అయ్యేదాక ఒక్క పడవ గూడ కదలది. ఇన్నేండ్ల సంది ఉన్నరు, గిది తెల్వదా?"

"మాకు సెలవైతే సముద్రానికి ఉండదనుకున్నాం" అన్నారు మా వారు.

రాజయ్య నవ్వి, పద్మ ముఖం చూసి ఆగిపోయాడు. "మా అరబ్బు ముసలమ్మ వాళ్ళకు మస్కర్ ఉన్నది. ఇంటి మందం అండ్లనే పట్టుకుంటం. పాండ్రి, సూద్దాం."

మస్కర్ అంటే తీరం దగ్గర లోతులేని నీళ్ళలో విల్లులా వంచి కట్టిన రాళ్ళగోడ. పోటు మీద నీళ్ళు గోడ దాటి వస్తాయి, వాటితో చేపలూ వస్తాయి. పాటుకు నీళ్ళు వెనక్కి పోతే చేపలు లోపలే ఉండిపోతాయి. మేము వెళ్ళేసరికి నీళ్ళు ఇంకా తీస్తున్నాయి. పదిన్నర దాకా గట్టున కూర్చున్నాం. తర్వాత రాజయ్య, మా వారు మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. చల్లదనానికి మా వారు చిన్నపిల్లాడిలా కేకపెట్టారు. బుట్టలోకి ఇక్కడివాళ్ళు సాఫీ అనే గోధుమరంగు చేపలు ఓ పది వచ్చాయి.

"ముట్టకున్రి సారు. ముల్లు గుచ్చితే శెయ్యి బూరె లెక్క ఉబ్బుతది."

చేపల్ని బకెట్లో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాం. ఇంటి పెద్ద ఉమ్ రాషిద్, అంటే రాషిద్ తల్లి; ఇక్కడ తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. ముక్కునూ నుదుటినీ కప్పే నల్లటి ముసుగులోంచి కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. వాకిట్లో మేకలు, కోళ్ళు, పెనం మీద పల్చటి రొట్టె. "ఆవో, ఆవో, బైఠో" అంటూ పద్మను పరుపు మీద కూర్చోబెట్టింది. తర్వాత బకెట్లోకి తొంగి చూసింది. రెండు చేపలు అప్పుడే వెల్లకిలా తేలాయి.

"యే క్యా? మచ్లీ కా హమ్మామ్?"

చేపలకు స్నానం పోస్తున్నారా అని. మా వారికి నవ్వు ఆగలేదు. చూస్తుండగానే మూడోది తేలింది. శనివారం దాకా ఎక్కడ, గంటసేపు కూడా ఆగేట్టు లేవు. పెద్దావిడ జాలిపడి, ఫ్రిజ్‌లో ఐసు ఉంది, తెమ్మంటావా అంది. పద్మ తల దించుకుని శాలువా అంచు మడతపెట్టసాగింది.

ఇప్పుడే వండడానికి నేనెందుకు వెనకాడుతున్నానో రాజయ్య పెద్దావిడకు చెప్పాడు. ఆమె ఆశ్చర్యంగా నావైపు తిరిగింది.

"జుమ్మా అల్లా కా దిన్. ఆజ్ మచ్లీ నహీ ఖాయేగా, తో కబ్ ఖాయేగా?"

అల్లా రోజున తినక ఇంకెప్పుడు తింటావని. దేవుడి రోజని నేను మానేస్తాను, దేవుడి రోజని వాళ్ళు వండుకుంటారు. కళ్ళు మూసుకుని, అమ్మా, ఈ రోజూ నీదే, ఈ పిల్లా నీదే అనుకున్నాను. చెంగు బొడ్లో దోపి, "రాజయ్యా, ముళ్ళు తీసి శుభ్రం చేసి ఇయ్యి" అన్నాను.

చింతపండు ఆవిడ వంటింట్లోనూ ఉంది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, మెంతిపొడికి బదులు నాలుగు మెంతులు. నేనటు తిరగ్గానే ఆవిడ ఒక నల్లటి ఎండు నిమ్మకాయ పులుసులో వేసేసి, ఏమీ ఎరగనట్టు రొట్టె తిప్పుకుంటోంది. పోనీలే, ఆమె చెయ్యి కూడా పడిందనుకున్నాను.

నమాజు అయ్యాక భోజనాలు. మగవాళ్ళు బయటి గదిలో, మేము లోపల. నాకు రొట్టె, పెరుగు, ఖర్జూరాలు పెట్టింది. నేను చేప ఎందుకు తినడం లేదని మళ్ళీ అడగలేదు. పద్మ నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపేసింది.

"బాలేదా?"

"బావుంది వదినా. భయంగా ఉంది."

పెద్దావిడ బలవంతం చెయ్యలేదు. మిగిలిన పులుసు స్టీలు గిన్నెలో పోసి, రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. మా వారు గతుకు కనిపిస్తే పక్కకు తప్పిస్తూ, గుడ్లబండి తోలినట్టు తోలారు. నేను తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని పద్మనే చూస్తున్నాను. ఇటువైపు ఎవరైనా వెళ్ళదలిస్తే గురువారం వెళ్ళండి, బకెట్ మాత్రం పట్టుకెళ్ళకండి. నా మటుకు నాకు పిలవని ఇంట్లో పొయ్యి దొరికింది, పరాయి ఊళ్ళో మన మాట దొరికింది. ఇంత దయకు దణ్ణం పెట్టడం తప్ప నాకింకేం తెలుసు?

అల్ ఖోర్ దాటాక పద్మ ముందు సీటు పట్టుకుంది. "కొంచెం ఆపండి అన్నయ్యగారూ."

మా వారు గబుక్కున రోడ్డు పక్కకు తీశారు. నేను తువ్వాలు అందించాను.

"అది కాదు వదినా. ఆ గిన్నె ఇలా ఇవ్వండి."

తలుపు తీసుకుని, కాళ్ళు బయట పెట్టుకుని, చలిగాలిలో రొట్టె పులుసులో ముంచుకుని తింది. మా వారు ఎడారివైపు తిరిగి నిలబడి మంకీ క్యాప్‌తో కళ్ళు తుడుచుకున్నారు. దుమ్ము అన్నారు. పద్మ గిన్నె అడుగు వేలితో ఊడ్చి నావైపు చూసింది.

"రేపు ఏం వండుతున్నారు వదినా?"