తీసెయ్ అనే మాట

మా ఆయన పుస్తకాలు అచ్చువేసే కంపెనీలో కంప్యూటరు డిస్కులు చూసుకునేవాడు. ఏ పనికైనా ముందు ‘ఆగు’ అంటాడని ఆఫీసులో అందరూ ‘ఆగు సారు’ అనేవారు. కూర్చిన పేజీలుండే డిస్కుకి రోజూ స్నాప్‌షాట్ తీస్తారు, అంటే ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో అలా పట్టి ఉంచడం. పాతబడ్డ స్నాప్‌షాట్లను తీసెయ్యకపోతే చోటు నిండిపోతుంది. తీసేసేటప్పుడు పొరపాటున అసలు డిస్కు పేరు కొడితే పేజీలూ స్నాప్‌షాట్లూ అన్నీ పోతాయి. అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఒకరు పేరు పైకి చదవాలి, రెండోవాళ్లు తెర చూసి “తీసెయ్” అనాలి. ఆ మాట లేనిదే మీట నొక్కకూడదు. ఇంట్లో అరిగిపోయిన చీపురు పారేయాలన్నా నా చేత ఆ మాట అనిపించేవాడు, ఏం చెప్పను!

మా తమ్ముణ్ణి అక్కడ పెట్టించమని ఆయన ప్రాణం తీసింది నేనే. పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా పని నేర్పాడు.

ఆ రోజు నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. చుక్కలమందు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాను. తమ్ముడి ఫోను వచ్చింది.

“బావా, చోటు నిండిపోతోంది. పాతది తీసెయ్యనా?”

“నేను తెర చూడలేదు కదరా. వస్తున్నా, ఆగు.”

నా చెవులారా విన్నాను.

వాడు ఆగలేదు. కంగారులో అసలు డిస్కు పేరే కొట్టాడు. వాడకంలో ఉందని కంప్యూటరు మొరాయిస్తే, డిస్కుని దాన్నుంచి బలవంతంగా విడదీసి మరీ తీసేశాడు. వేరేచోట దాచిన నకలు ఉంది గానీ అది పాతది. పేజీలు కూర్చేవాళ్ల వారం కష్టం నీళ్లపాలైంది.

మేనేజరు నిలదీస్తే మా తమ్ముడు ఏమన్నాడో తెలుసా?

“ఫోన్లో పేరు చదివానండీ. బావే తీసెయ్ అన్నాడు.”

ఫోను చేసిన మాట నిజమే కాబట్టి అందరూ నమ్మారు. మా ఆయన్ని గోడౌనుకి పంపి, ఆ కుర్చీ వాడికిచ్చారు. నేనొచ్చి చెప్తానంటే, “పెళ్లాం సాక్ష్యం ఎవడు నమ్ముతాడే?” అన్నాడాయన. తోడబుట్టినవాడే ఇంత పని చేశాడు!

మొన్న ఆయన భోంచేస్తుంటే వాడు ఫోన్ చేశాడు.

“బావా, ఒక పాత స్నాప్‌షాట్ తీసెయ్యాలి. చెయ్యి రావట్లేదు. పేరు చదువుతా, తీసెయ్ అను, చాలు.”

ఫోను లాక్కుని దులిపేద్దామనుకున్నాను. ఆయన నన్ను ఆగమని సైగ చేశాడు.

“చదువు,” అన్నాడు.

వాడు చదివాడు. ఈయన చివరిదాకా విన్నాడు.

“తెర చూడకుండా ఆ మాట అననురా. ఆ రోజూ అనలేదు. నీకు తెలుసు.”

ఆయన ఫోను పెట్టేసి, ఆ తెర చూడ్డానికి సగం తిన్న కంచం ముందు నుంచి లేచాడు.