జబ్బారు మేస్త్రికి రాని పని

మా జబ్బారు మేస్త్రికి లోకంలో ఒకే ఒక్క శత్రువు. దాని పేరు వణుకు. కుర్చీ ఊగినా, బెంచీ కదిలినా, కిటికీ రెక్క టకటకలాడినా ఆయనకి ఒళ్ళు మండిపోయేది. మనిషి మంచివాడు, మాట మెత్తన, ఇంజన్ల వైద్యంలో పల్నాడు మొత్తానికి పెద్ద డాక్టరు. కానీ పక్కన ఏదైనా కదులుతోందంటే ఇక ఆయనతో మాట్లాడి ప్రయోజనం లేదు. మనం మాట పూర్తి చేసేలోపే బల్ల కింద దూరి ఉండేవాడు.

అసలు పేరు అబ్దుల్ జబ్బార్. పిడుగురాళ్ల బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. చొక్కాకి రెండు జేబులు. ఒకదాంట్లో బీడీలు, ఇంకోదాంట్లో మడిచిన అట్టముక్కలు. టీ తాగాలంటే ముందు కొట్లో బెంచీ కాలి కింద ఓ ముక్క దోపాల్సిందే. మాచవరం బస్సెక్కితే దిగేలోపల అటు నాలుగు కిటికీలు, ఇటు నాలుగు కిటికీలు నోరు మూసుకునేవి. ఒకసారి ఎవరిదో గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పడానికి గురజాల కోర్టుకెళ్ళాడు. జడ్జిగారు పేరు అడిగేసరికి బోనులో సాక్షి లేడు. కిందికి వంగి బోనుకి అట్టముక్క పెడుతున్నాడు. జడ్జిగారు కోప్పడలేదు సరికదా, పోతూపోతూ తన బల్ల కూడా చూసి పొమ్మన్నారని మేస్త్రి చెప్పుకునేవాడు. ఆ రెండో ముక్క నేను నమ్మను.

ఆయన భార్య జైనాబ్ బీ చెప్పే కథ ఇంకొకటి ఉంది. నిఖా రోజున ఖాజీగారు కబూలేనా అని రెండుసార్లు అడిగినా పెళ్ళికొడుకు నోరు విప్పలేదట. ఆడవాళ్ళ వైపు గుండెలు జారిపోయాయట. తీరా చూస్తే ఆయన కూర్చున్న బల్ల కాలు పొట్టిది. "దాన్ని నిలబెట్టినాకే కబూలన్నాడు మాస్టారూ. ఆ సంబరం నన్ను చూసి కాదు, బల్లని చూసి" అని ఆమె నవ్వేది. మలేరియా వచ్చినప్పుడు ఆయనకి చలికంటే సిగ్గు ఎక్కువైంది. తనలో ఏ బోల్టు లూజయిందో చూడమని కంపౌండరుని మూడు రోజులు వేధించాడు.

నేనప్పుడు కృష్ణ అవతలి ఒడ్డున ఓ పల్లెలో పంతుల్ని. కాపురం ఇవతల, ఉద్యోగం అవతల. మాచవరం దాటాక ఉన్న రేవులో శేషగిరిరావుగారి లాంచి ఎక్కి రోజూ ఏరు దాటేవాణ్ణి. మిరపబస్తాలు, మేకలు, పెళ్ళివాళ్ళు, నేను, అందరం ఒకే సరుకు. లాంచి నడిపే సరంగు పేరు ఇశ్రాయేలు. ఇరవై ఏళ్ళుగా ఆ లాంచి చుక్కాని చక్రం పట్టినవాడు. వరదనీళ్ళలో కూడా లాంచిని రేవుకి కొట్టించేవాడు కాదు, పిల్లని పడుకోబెట్టినట్టు ఆనించేవాడు.

ఎనభై మూడులో ఇశ్రాయేలు కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. చక్రం పట్టుకుంటే నిమ్మళంగానే ఉండేది. అది వదిలి టీ గ్లాసు పట్టుకుంటే మాత్రం సగం టీ నేల తాగేది. ఇది శేషగిరిరావుగారి కంటపడింది. ఇశ్రాయేలు భయపడి, ఇది రోగం కాదని, పాత ఇంజను అదురే చేతికెక్కిందని చెప్పుకున్నాడు. ఇంజను సంగతి అబద్ధం కాదు. అది నడుస్తుంటే నేను చదివే పేపర్లో ఒక్కో అక్షరం రెండుగా కనిపించేది.

రావుగారు తెగ్గొట్టినట్టు మాట్లాడే మనిషి. "సరే. ఇంజను విప్పి కొత్తగా కట్టిస్తా. అది నిమ్మళించినాక కూడా నీ చెయ్యి ఆడిందా, ఇంటికాడ కూచో. ఇంకో సరంగుని చూసుకుంటా" అన్నాడు.

ఇశ్రాయేలుకి యాభై నాలుగేళ్ళు. సెంటు భూమి లేదు. నీళ్ళ మీద తప్ప నేల మీద తనకి ఏ పనీ రాదని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇంజను జబ్బారు షెడ్డుకి వచ్చింది. పిస్టన్లు, బేరింగులు కొత్తవి పడ్డాయి. ఇంజను వెనక తిరిగే బరువు చక్రం ఫ్లైవీలు పగిలి ఉంది. ముందు తిరిగే చిన్నది బాలెన్సరు, దాన్ని ఎవరో మహానుభావుడు ఎప్పుడో మార్చి వేరే ఇంజనుది తగిలించాడు. అదురుకి మూలం అదేనని మేస్త్రి తేల్చాడు. ఆ రెండూ బెజవాడ ఆటోనగర్లో ఏరుకోవాలి. వాటి మీద నంబర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు వచ్చని ఊళ్ళో పుకారు. అందుకని వెంటబెట్టుకుపోయాడు.

మూడు ఆదివారాలు పోయాం. పాత సామాన్ల కొట్లలో ఫ్లైవీళ్ళు అట్లు పేర్చినట్టు పేర్చి ఉండేవి. నాకు ఒకటి చూడగానే నచ్చింది. నున్నగా, నిండుగా, అన్ని వైపులా ఒకే మందం. మేస్త్రి దాన్ని పక్కకి తోసి, ఒక పక్క కొరికేసినట్టున్న దాన్ని పైకి తీశాడు. ఇనపకడ్డీకి గుచ్చి తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పినా బరువు పక్కే కిందికొచ్చి ఆగింది. ఆయన మొహం వెలిగిపోయింది. దానికి జోడీ బాలెన్సరు కూడా అలాంటి అవకతవకదే ఏరాడు. ఈ వంకర సామానెందుకని నేను విసుక్కున్నాను.

"మన ఇంజనులో తిరిగే షాఫ్టుకి పుట్టుకలోనే ఒక పక్క బరువు తక్కువ మాస్టారూ. ఆ తక్కువని ముందు ఇదీ ఎనక అదీ కలిసి మొయ్యాల. మీరు ముచ్చటపడ్డది చానా బాగుంటది. కానీ దాన్ని కడితే షాఫ్టు విరిగిద్ది."

తిరుగు బస్సులో ఫ్లైవీలుకి కండక్టరు టిక్కెట్టు కొట్టాడు. టిక్కెట్టు ఉంది కాబట్టి దానికి సీటు కావాలని మేస్త్రి దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. నేను సత్తెనపల్లి దాకా నిలబడ్డాను.

ఆ మంటలో అడగాల్సింది అడిగేశాను. నువ్వు ఇంజను కుదిరిస్తే ఇశ్రాయేలు చెయ్యి దొరికిపోతుంది కదా, కాస్త అదురు ఉంచితే నీ సొమ్మేం పోయిందన్నాను. ఆయన ఫ్లైవీలు కదలకుండా దాని కింద ఓ అట్టముక్క దోపాడు.

"ఇంజను కాడ అబద్ధం ఆడకూడదు మాస్టారూ. నడి ఏట్లో షాఫ్టు విరిగితే యాభై మంది ఉసురు."

న్యాయమైన మాటే. అయినా నాకు కోపం వచ్చింది. ఆయన పిచ్చి ఆయనకి ఆనందం, ఎదుటివాడి కూడు పోయినా పట్టదనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడ లీలావతితో ఆయన్ని నాలుగు మాటలు అన్నాను కూడా.

పరీక్ష రోజు రేవంతా జనం. మేస్త్రి ఇంజను స్టార్టు చేసి దాని నెత్తిన నిండు టీ గ్లాసు పెట్టాడు. ఒక్క చుక్క ఒలకలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఇశ్రాయేలు మాత్రం ఆ గ్లాసునే చూస్తూ నిలబడ్డాడు.

రావుగారు రమ్మంటే వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. లాంచి కదిలింది. కదలగానే చక్రం జుయ్యిమని కొట్టుకోవడం మొదలెట్టింది. ఆడేది చక్రమో ఇశ్రాయేలు చెయ్యో రావుగారికి తేలలేదు. ఇశ్రాయేలుని తప్పించి తనే పట్టుకుని అవతలి ఒడ్డుకీ ఇవతలి ఒడ్డుకీ తిప్పాడు. దిగి, అందించిన టీ అందుకున్నాడు. ఆ టీ నోటికి చేరలేదు, ఇస్త్రీ లాల్చీ మీదికి చేరింది.

"ఏంది సాయిబూ, ఇంజను నిమ్మళంగా ఉందే, చక్రమేంది ఇట్టా కొట్టుకుంటంది?"

జబ్బారు తల దించుకున్నాడు. "అది మాత్రం నాకు చేతకాలేదు రావుగారూ."

నా చెవులు నేను నమ్మలేదు. రావుగారు తన చేతిని తానే కాసేపు చూసుకున్నాడు. "ఒక్క తిప్పుకే నా చెయ్యి ఇట్టా ఉంటే, ఇరవయ్యేళ్ళు పట్టినోడిది ఆడకేం జేసిద్ది" అని, లాల్చీ దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఇశ్రాయేలు ఉద్యోగం నిలబడింది.

మేస్త్రి పరువు మాత్రం నిలబడలేదు. జబ్బారు చేతులెత్తేశాడన్న మాట మాచర్ల నుంచి వినుకొండ దాకా పాకింది. టీ కొట్లో కుర్రమెకానిక్కులు ఆయన్ని చూసి కావాలని బెంచీలు ఊపేవాళ్ళు. ఆయన నిలబడే టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఏరు దాటాల్సి వస్తే లాంచి వెనకాల చివర, చక్రానికి వీపు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేవాడు. గర్వం అణిగిందిలే అని నాకు లోలోపల కాస్త తృప్తిగా కూడా ఉండేది. ఆ మాట ఇవాళ చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆరేళ్ళు గడిచాయి. ఇశ్రాయేలు ఒక్కసారి కూడా లాంచిని రేవుకి కొట్టించలేదు. ఎనభై తొమ్మిదిలో కళ్ళు మసకబారుతున్నాయని తనంతట తనే చెప్పి, అందరికీ దణ్ణం పెట్టి, రెంటచింతలలో కూతురింటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదటి ట్రిప్పుకి నేను రేవుకి వెళ్ళేసరికి జబ్బారు మేస్త్రి లాంచిలో బోర్లా పడుకుని ఉన్నాడు. చక్రం నిలబెట్టిన స్తంభం అడుగున చెక్క ఊడదీసి, అరచెయ్యంత రబ్బరు బిళ్ళ ఒకటి దోపి, రెండు బోల్టులు బిగించాడు. బీడీ కాల్చినంత సేపు పట్టలేదు. కొత్త సరంగు లాంచి కదిలించాడు. చక్రం చడీచప్పుడు లేదు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. నీళ్ళలో తిరిగే పంకా అదురుని మింగేది ఆ బిళ్ళ. ఆ రోజు బిగించేటప్పుడు దాన్ని వెయ్యకుండా వదిలింది ఈయనే. ఇంజను కాడ ఒక్క అబద్ధం ఆడకుండా, ఆ అబద్ధమంతా తన పేరు మీద ఆడాడు. బల్ల ఊగితే నిఖా ఆపిన మనిషి, ఆరేళ్ళు ఆ వణుకుని కళ్ళు మూసుకుని భరించాడు.

"ఆరేళ్ళు చేతకాని పని ఇవాళ ఎట్టా వచ్చింది మేస్త్రీ?" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ నావైపు చూడకుండానే అన్నాడు. "నాకు పని నిదానంగా వస్తది మాస్టారూ."

ఆ రోజు ఆయనకి అవతలి ఒడ్డున ఏ పనీ లేదు. అయినా చక్రం పక్కనే కూర్చుని, బీడీ వెలిగించుకుని, సాయంత్రం దాకా ఏరు దాటుతూనే ఉన్నాడు.