ఓబుల్‌రెడ్డి తాతకు నేను వేసిన దండ

నేను ఒక మనిషిని చంపాను. పట్టపగలు, కర్నూలు నడిబొడ్డున, మూరెడు బంతిపూలతో. పోలీసులు రాలేదు గానీ, చనిపోయినాయనే స్వయంగా నడుచుకుంటూ విచారణకు వచ్చాడు. కంగారు పడకండి, వరుసగానే చెబుతాను.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కొత్తలు. ఆఫీసులు డేరాల్లో ఉన్నాయి, ఆఫీసర్లు అద్దె ఇళ్ల వేటలో ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లంతా "ఈ ఊళ్లో ఎండ తప్ప ఏముందండీ?" అనడం మా గ్రంథాలయం అయ్యవారికి ముల్లులా గుచ్చుకుంది. ఊరి పాత ఫోటోలన్నీ పోగు చేసి, చదువుకునే గదిలో వేలాడదీయాలని సంకల్పించారు. చుట్టూ ఒక్క అంగడి కూడా లేని కొండారెడ్డి బురుజు, వరదనాడు మిద్దెలెక్కిన జనం, కాలువలో పడవ, మొదటి బస్సు పక్కన బస్సు కన్నా బిగుసుకుని నిలబడ్డ డ్రైవరు. నా చేతిరాత బాగుంటుందని, ఫోటోల కింద చీటీలు రాసి గది అలంకరించే పని నాకు ఇచ్చారు. పని బాగా జరిగితే తాళం వేసిన బీరువాలోని నవలలు ఇంటికి ఇస్తామన్నారు. ఆ బీరువా అద్దానికి ముక్కు ఆనించి నిలబడడంలోనే నా యవ్వనం గడిచిపోతోంది మరి.

మా నాయన గడప దగ్గరే షరతు పెట్టాడు.

"పోతే పో. నీ మీద ఒక్క మాట వచ్చినాదంటే మాత్రం లైబ్రరీ లేదు, పుస్తకమూ లేదు. ఇంట్లో కూచోని వడియాలు పెట్టుకో."

"అట్లనే నాయనా."

నా గురించి ఎవరైనా ఫిర్యాదు చేయాలంటే ముందు నేనొకదాన్ని ఉన్నానని వాళ్లకు తెలియాలి. అందుకే నేను ధైర్యంగా ఉన్నాను.

ప్రదర్శన రోజు పొద్దున గోడల వైపు చూస్తే ఏదో వెలితిగా తోచింది. మా ఇంట్లో బతికున్నవాళ్ల ఫోటో గోడకెక్కదు. ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ ఎక్కనివ్వదు. గోడమీద ఉన్నవాళ్లంతా పోయినవాళ్లే, అందరికీ నుదుట కుంకుమ, మెడలో దండ. ఇక్కడేమో ఇంతమంది పెద్దమనుషులు బోసి నుదుళ్లతో దిక్కులేనివాళ్లలా వేలాడుతున్నారు. ఆ తలపాగాలూ, ఆ మీసాలూ చూస్తే వాళ్లలో ఒక్కరైనా ఇంకా భూమ్మీద ఉంటారని ఎవరికి తోస్తుంది? అయ్యవారిని అడగొచ్చు కదా అంటారా? ఆయన పక్క గదిలోనే ఉన్నారు. కానీ ఆయనతో పాటు ఇంకో ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. ముగ్గురు మగవాళ్ల ముందు నోరు తెరవడం కన్నా గోడమీది వాళ్లందరినీ చంపేయడమే నాకు సులువనిపించింది.

కుంకుమ భరిణె తీశాను. బంతిపూలు తెప్పించాను. మిద్దెల మీది జనానికి మాత్రం గుంపు మొత్తానికీ ఒకటే దండ వేశాను.

మొదట వచ్చినాయన ఒక ముసలి రైతు. బండలాగుడు పందెంలో గెలిచిన ఎద్దుల జతతో ఒక యువకుడు నిలబడ్డ ఫోటో ముందు ఆగి, చాలాసేపు చూశాడు.

"పాపా, ఈయప్ప ఎవరు?"

నేను తల ఎత్తలేదు. "కోయిలకుంట్ల వైపు పెద్దమనిషి. పోయి శానా ఏండ్లయింది."

"అయ్యో! ఏమొచ్చి పోయినాడు?"

తెలియదని ఒక్క మాట అంటే పోయేది. కానీ నవలలు చదివే పిల్ల కదా, ఎవరినీ కారణం లేకుండా చావనివ్వదు. "వయసు మీద పడి... నిద్రలోనే."

"నొప్పి లేకుండానే?"

"లేకుండానే."

"మంచి చావే!" అన్నాడాయన తృప్తిగా. "చీటీలో నువ్వు రాసిన ఓబుల్‌రెడ్డి అంటే నేనే."

నా చేతిలోంచి కుంకుమ భరిణె జారిపడింది. నేల మీద కుంకుమ, నా కళ్లలో వడియాలు.

"తియ్యి మే దండ! మా ఆడమనిషి చూసిందంటే ఈడనే పడిపోతాది. మీ నాయన ఎవరు? యాడుంటాడు?"

నేను దండ మీద చెయ్యి వేశానో లేదో, ఆయనే నా రెక్క పట్టి ఆపాడు. గుమ్మంలోకి గడ్డం నెరిసిన ఇంకో ముసలాయన వస్తున్నాడు.

"వాడు డోన్ హుసేన్ సాబు," అని గుసగుసలాడాడు తాత. "ఆ పొద్దు పందెంలో నా ఎద్దులు గీత దాటలేదని ఇన్నేండ్లుగా ఊరూరా చెప్పుకుంటాండాడు. మాటల్లేవు మాకు. దండ ఉండనీ, ఏమంటాడో చూస్తాం."

అంటూ బురుజు ఫోటో పెట్టిన బల్ల వెనక్కి పోయి చతికిలపడ్డాడు.

హుసేన్ సాబు గది చుట్టూ తిరిగి ఆ ఫోటో ముందుకు వచ్చాడు. దండ చూశాడు. పైగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు.

"యా అల్లా! ఓబులా, పోయినావా? నాకొక కబురన్నా రాలేదే." కాసేపు ఎద్దుల వైపు చూశాడు. "ఇంగ దాచి ఏం లాభం? నీ ఎద్దులు గీత దాటినాయి. నేను కండ్లారా చూసినా."

"ఇన్నారా అందరూ!" బల్ల వెనక నుంచి కేక లేచింది. "దాటినాయంట! ఇన్నారు గదా!"

హుసేన్ సాబు రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"తోబా! బతికే ఉండావా?"

"ఉండాను."

"అయితే దాటలేదు!"

"దాటినాయని ఇప్పుడే ఏడిస్తివి గదప్పా!"

"అది చచ్చినోనికి చెప్పిన మాట. బతికినోనికి కాదు."

ఈ రభసకు పక్క గది మగవాళ్లు ముగ్గురూ వచ్చారు. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి సరిగ్గా అప్పుడే మా నాయనా వచ్చాడు. "ఏం చేసిందప్పా మా పాప?" అని అడిగాడు. నేను మనసులో మినప్పప్పు నానబెట్టుకుంటున్నాను.

"నన్ను చంపింది," అన్నాడు తాత. "శానా బాగా చంపిందప్పా! ఇన్నేండ్లు ఏ పంచాయతీలో తేలని పని ఒక్క దండతో తేల్చేసింది. ఈ బిడ్డకు ఏం కావాలో అడిగి ఇయ్యండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను నోటితో చెప్పలేక బీరువా వైపు వేలు చూపించాను. అయ్యవారు నవ్వుతూ తాళం తీశారు. మా నాయన నవ్వలేదు గానీ, వడియాల మాట కూడా ఎత్తలేదు.

ఆ సంతోషంలో పరుగున పోయి దండ తీయబోయాను. ఓబుల్‌రెడ్డి తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాయంత్రం దాకా ఉండనీ పాపా. అదే మాట ఒప్పుకోవాల్సినోళ్లు డోన్ నుంచి ఇంగా ముగ్గురు వస్తాండారు."

ఆనాడే ఆ గోడకు మొక్కి ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి ఫోటోకూ దండ వేయను. తప్పనిసరిగా వేయాల్సి వస్తే, ముందు బల్లల వెనక వెతికి మరీ వేస్తాను.