నేను ఎక్కించిన మూడో పాదం

పదకొండేళ్ళుగా ఒక పాట బరువు మోస్తున్నాను. పాట మొత్తం కూడా కాదు. అందులో మూడో పాదం.

సభల్లో నన్ను విన్నవాళ్ళకు నా ఊతపదం తెలుసు: ఆధారం చూపించండి. స్వాములనూ, పాస్టర్లనూ ఒకే గొంతుతో అడిగాను. అలా అడిగే అర్హత నాకు లేదని మొదటిసారి మీకు చెబుతున్నాను.

నేను పాస్టరు కొడుకుని. కాలేజీ రోజుల్లోనే దేవుణ్ణి వదిలేశాను, హార్మోనియాన్ని మాత్రం వదల్లేదు. పదకొండేళ్ళ కిందట ఒక వ్యాసం రాశాను. మన చర్చిల్లో జర్మనీ లూథరన్ క్రైస్తవుల పాత బాణీలను ఉన్నదున్నట్టు అప్పచెబుతున్నారనీ, వాటిలో మన గొంతంటూ ఒక్క స్వరమైనా లేదనీ వాదించాను. విజయవాడ గవర్నర్‌పేటలో దాని మీద చర్చ పెడితే చప్పట్లు కొట్టారు.

ఆ నెలలోనే ఒక సంఘం వాళ్ళు కొత్త పాటల పుస్తకం వేస్తూ నా దగ్గరికి వచ్చారు. పాత పుస్తకాల్లో మాటలే ఉండేవి, బాణీ నోటి మీదే నడిచేది. ఈసారి నొటేషన్ కూడా వేస్తారట. పామర్రు దగ్గర పల్లెలో మరియమ్మ గారని, నాట్ల కూలికి వెళ్ళే పెద్దావిడ పాత బాణీలన్నీ పాడతారు, విని రాసిపెట్టమన్నారు. నాస్తికుడినని తెలిసే అడిగారు. నా చెవిని నమ్మారు.

వెళ్ళి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఒక లూథరన్ బాణీ, నా వ్యాసం కోసం తెప్పించుకున్న జర్మన్ పాటల పుస్తకంలో మూడో పాదం దగ్గర ఒక్కసారిగా పైకి ఎక్కుతుంది. ఆవిడ ఎక్కలేదు. కిందికి దిగి, ఒక స్వరాన్ని సాగదీసి, నిదానంగా నాలుగో పాదంలోకి వచ్చారు. ఎందుకలా అని అడిగాను. వాళ్ళ నాన్న దించాడట. ఆయనా కూలీయే, చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. రోజంతా వంగి నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళకు అంత పైకి గొంతు అందేది కాదట. పాస్టరు అయ్యగారి అబ్బాయివి, నీకు హార్మోనియం ఉంది, మాకు నడుములే లేకపోయె అని నవ్వారు.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. ఆ ఒక్క పాదం అచ్చయితే నా వ్యాసం నిలవదు. ఏం చేశాను? జర్మన్ పుస్తకం తెరిచి, అందులో ఉన్నట్టే పైకి ఎక్కించాను. వయసు మళ్ళిన మనిషి, శ్రుతి తప్పి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ రికార్డులో ఆరు చరణాల్లోనూ ఒకే చోట, ఒకే తీరున దిగారు. తప్పు ఆరుసార్లు అంత నిక్కచ్చిగా వస్తుందా? మూఢనమ్మకం జనం కళ్ళు కప్పుతుందని పేజీలకు పేజీలు రాసిన నేను, ఒక వ్యాసం గెలవడం కోసం చెవులు మూసుకున్నాను.

పుస్తకం వచ్చింది. చర్చిలో పాడే క్వయర్ అలాగే నేర్చుకుంది. ఒకసారి విజయవాడ బస్టాండులో మరియమ్మ గారు కనబడ్డారు.

"పుస్తకంలో వేరేగా ఉందంట గదా బాబూ. మా నాన్న తప్పు పాడాడా?"

"పుస్తకంలో ఉన్నదే అసలు బాణీ అండీ."

"అట్టాగా," అన్నారు.

నేనన్నది అబద్ధం కాదు, చూశారా. వాదనలో ఆరితేరిన వాడికి అబద్ధం ఆడాల్సిన అవసరమే రాదు.

ఈ వానాకాలంలో ఆవిడ పోయారు. సమాధి దగ్గర పుస్తకం చూసి అదే పాట పాడారు. మూడో పాదం పైకి ఎక్కింది. ఆవిడతో నాట్లేసిన ముసలి ఆడవాళ్ళు అక్కడ ఆగిపోయారు. నాలుగో పాదంలో మళ్ళీ కలిశారు. ప్రతి చరణంలోనూ అంతే. నేను వాళ్ళ పక్కనే నిలబడ్డాను.

ఎన్ని ఫోన్లు మార్చినా ఆ రికార్డును వెంట తెచ్చుకుంటూనే ఉన్నాను. చెరిపే ధైర్యం లేదు, ఇన్నాళ్ళూ వినిపించే ధైర్యమూ లేదు. క్షమించమని దేవుణ్ణి అడగను. ఉన్నా అడగను, నేను తప్పు చేసింది ఆయనకు కాదు. ఒక కూలీకి. ఆయన పేరు కూడా ఆ రోజు అడగలేదు.

ఆయన ఆ పాదాన్ని కావాలనే దించాడు. నేను కావాలనే ఎక్కించాను. ఆధారం నా దగ్గరే ఉంది.